ర్యామ్ పెంచిన పిదప కంప్యూటరు లేవనిచో

మన యిండ్లలో మగ్గము ప్రక్కకు కంప్యూటరు వచ్చి చేరి చాలా సంవత్సరములైనది. పూర్వము గ్రాఫు కాగితము మీద గడి గడికి రంగు నింపి, దానిని చూచుచు అట్టలకు రంధ్రములు కొట్టుచుండిరి. ఇప్పుడు షోలాపురములో టవలుకైనను, కాంచీపురములో చీర కొంగుకైనను ఆ గళ్ళు తెర మీదనే నింపబడుచున్నవి. కొందరు ఆ పటమును అట్టలు కొట్టు యంత్రమునకు పంపుదురు. ఎలక్ట్రానిక్ జాకార్డు గలవారు పెన్ డ్రైవు మీద నెక్కించి నేరుగా మగ్గమునకే ఇత్తురు. కాబట్టి డిజైను కంప్యూటరు ఒక దినము నిలిచిపోయినచో, క్రొత్త అంచు కొరకు కాచుకొనియున్న మగ్గము కూడ ఆ దినము నిలిచిపోవును. కూలి పోవునది మగ్గము మీద కూర్చున్నవానికే.

కంప్యూటరు మందగించినప్పుడు అందరును చెప్పు మొదటి మాట "ర్యామ్ పెంచుడు" అని. ఆ మాట తప్పు కాదు. అయితే క్రొత్త ర్యామ్ పట్టీ గ్రుచ్చి మీట నొక్కగా ఫ్యాను తిరుగును గాని తెర నల్లగానే యుండుట తరచుగా జరుగుచున్న సంగతి. అట్టి సమయమున ఇంటిలోనే చేసికొనదగిన పరీక్ష యేమి, ఎక్కడ నాగి మెకానిక్కు నొద్దకు పోవలెను, అతనికేమి చెప్పవలెను, అన్నింటికంటె ముఖ్యముగా ఏమి చేయనీయరాదు అనునవే ఈ పాఠములోని విషయము.

చేయనీయరానిది ముందుగా చెప్పెదను. ర్యామ్ మార్చిన పిదప తెర వెలుగని కంప్యూటరుకు "ఫార్మాటు" మందు కాదు. ఆ మాట ఎవరన్నను అంగీకరింపరాదు. కారణము తెలిసికొన్నచో ధైర్యముగా కాదనవచ్చును.

డిజైన్లు ఎక్కడ నుండును?

కంప్యూటరులో డిజైన్లు నిలువయుండు చోటు వేరు, వాటిపై పని జరుగు చోటు వేరు. నిలువయుండునది డిస్కు. అది గోడకు వ్రేలాడు అట్టల కట్టల వంటిది. కరెంటు ఉన్నను లేకున్నను అందలి రంధ్రములు చెరగవు. ర్యామ్ అనునది ఆ కట్టను దించి పరచుకొని పని చేయు బల్ల వంటిది. బల్ల చిన్నదైనచో కట్టలను మాటిమాటికి ఎత్తుచు దించుచు ఉండవలెను. కంప్యూటరు మందగించుట యనగా చాలవరకు ఇదియే.

లెక్క వేసి చూడుడు. 2,400 హుక్కుల జాకార్డు, అంగుళమునకు 60 పేక పోగులు, చీర పొడవు 216 అంగుళములు అనుకొందము. అంచు, కొంగు, నడిమి భాగము అన్నియు ఒకే పటముగా తెరచినచో 12,960 పేకలు; ఒక్కొక్క పేకకు 2,400 గళ్ళు; మొత్తము 3 కోట్ల 11 లక్షల గళ్ళు. రంగుల పటములో గడికి మూడు బైట్లు పట్టును గనుక ఒక పొర కొరకే సుమారు 93 మెగాబైట్లు కావలెను. జరీ కొక పొర, మీనా కొక పొర, నేత కట్టునకు ఒక పొర అని ఇరువది పొరలు వేసికొన్నచో రెండు గిగాబైట్లకు దగ్గర పడును. వెనుకకు తీసికొనుటకై కంప్యూటరు దాచియుంచు పాత నకళ్ళు దీనికి అదనము. విండోసు తన వంతు తాను ముందే తీసికొనియుండును. 4 గిగాబైట్ల యంత్రము ఎందుకు మూల్గునో ఇప్పుడు తెలియును.

జాకార్డు గారి పేరు వినని నేతవాడు ఉండడు. ఫ్రాన్సు దేశమున లియోన్ నగరములో జోసెఫ్ మారీ జాకార్డు 1804లో చూపిన యంత్రములో ఒక చోట రంధ్రమున్నచో హుక్కు లేచును, లేనిచో లేవదు. ర్యామ్‌లోని సంగతియు అట్టిదే. ప్రతి గడిలోను సూక్ష్మమైన విద్యుత్తు చుక్క ఉండును, లేదా ఉండదు. 8 గిగాబైట్ల పట్టీలో అట్టి గళ్ళు 6,870 కోట్లు. ఇప్పుడు వాడుకలోనున్న ఈ విధమైన గడికి అమెరికాలో రాబర్టు డెన్నార్డు 1968లో పేటెంటు పొందెను. భేదమేమనగా, అట్టకు కొట్టిన రంధ్రము పూడదు. ఈ చుక్క మాత్రము కారిపోవుచుండును. అందుచేత సెకనులో పదునారవ వంతు కాలములోపల ప్రతి వరుసను ఒకసారి చదివి మరల నింపుచుండవలెను. కరెంటు తీయగానే నింపుట ఆగును, అంతయు చెరగును.

కంప్యూటరు మీట నొక్కగానే ముందుగా తన్ను తాను పరీక్షించుకొనును. ఆ పరీక్ష చేయు ప్రోగ్రామును బయోస్ అందురు. అది మదర్‌బోర్డు మీదనే యొక చిన్న చిప్పులో నుండును. బయోస్ ర్యామ్‌ను పలుకరించును. ర్యామ్ బదులు పలుకనిచో అక్కడనే ఆగిపోవును. డిస్కు వరకు పోనే పోదు. కావున ర్యామ్ కారణముగా తెర నల్లబడినప్పుడు డిస్కు మీది డిజైన్లకు ఏమియు కాలేదు. విండోసు చెడలేదు. చెడని దానిని చెరిపి మరల వ్రాయుటయే ఫార్మాటు. నేనెరిగిన ఒక యింట ఏడేండ్ల అంచు డిజైన్లు ఇట్లే పోయినవి. మెకానిక్కు పట్టీలను తీసి మరల పెట్టగానే యంత్రము లేచినది; అయినను అతడు అలవాటు చొప్పున ఫార్మాటు చేసి, క్రొత్త విండోసు వేసి, అందులకు వేరుగా డబ్బు తీసికొని పంపెను. వారి యింట రెండవ నకలు లేదు.

పెట్టె తెరచుటకు ముందు

మీట నొక్కినప్పుడు ఏమి జరుగుచున్నదో ఒక నిముషము చూడవలెను, వినవలెను. దీపము వెలుగక, ఫ్యాను తిరుగక, ఏ శబ్దమును లేనిచో తప్పు ర్యామ్‌ది కాకపోవచ్చును. పెట్టె వెనుక కరెంటు తీగ వదులుగా నున్నదేమో, సప్లయి డబ్బా మీది చిన్న స్విచ్చి ఆపిన తరువాత మరల వేసితిరా, లోపల చేయి పెట్టినప్పుడు మీట నుండి వచ్చు సన్నని తీగ ఊడినదా చూడవలెను. ఫ్యాను తిరిగి తెర నల్లగా నున్నచో ర్యామ్ మీద అనుమానము సహజము. అయితే పెట్టెకు వేరుగా గ్రాఫిక్సు కార్డు ఉన్నవారు తెర తీగను ఆ కార్డుకే తగిలించిరా అని చూచుకొనవలెను. పెట్టెను ముందుకు లాగి మరల పెట్టునప్పుడు ఆ తీగను మదర్‌బోర్డు రంధ్రములో పెట్టి, ర్యామ్ చెడినదని దుకాణమునకు పరుగెత్తినవారు కొందరు కలరు.

ఫ్యాను రెండు మూడు సెకనులు తిరిగి ఆగి, మరల తిరిగి ఆగుచున్నచో అది ర్యామ్‌తో కుదరక బయోస్ మరల మరల ప్రయత్నించుట కావచ్చును. లేదా ప్రాసెసరుకు పోవు నాలుగు లేక ఎనిమిది సూదుల కరెంటు తీగ కదలియుండవచ్చును. కొన్ని బోర్డులు పిప్ పిప్ అని అరచును. ఎన్ని అరుపులకు ఏ అర్థమో ఒక్కొక్క కంపెనీది ఒక్కొక్క తీరు. ఆగకుండ వచ్చు అరుపులు తరచుగా ర్యామ్‌ను సూచించును గాని, మీ బోర్డు పుస్తకము చూడకుండ నిశ్చయించుకొనరాదు. ఇటీవలి బోర్డులలో కొన్నింటికి డ్రామ్ అని వ్రాసిన చిన్న దీపముండును. అది వెలిగి నిలిచినచో సంగతి స్పష్టము.

డిడిఆర్5 రకపు ర్యామ్ వేసినవారికి ఒక ప్రత్యేకమైన మాట. ఆ రకములో మొదటిసారి వేసినప్పుడు బయోస్ పట్టీని అలవాటు చేసికొనుటకు చాలాసేపు పట్టును. కొన్ని నిముషములు తెర నల్లగానే యుండవచ్చును. ఆ సమయమున కంగారుపడి మీట నొక్కి ఆపినచో మరల మొదటికి వచ్చును. పది నిముషములు ముట్టుకొనక ఊరకుండి, అప్పటికిని లేవనిచో పరీక్షకు దిగవలెను.

పెట్టె తెరచునప్పుడు ప్లగ్గు పూర్తిగా పీకి, ఆ పిదప మీటను పది సెకనులు నొక్కి పట్టవలెను. లోపల మిగిలిన కరెంటు పోవును. సప్లయి డబ్బాను మాత్రము ఎన్నడును విప్పరాదు. ప్లగ్గు తీసిన తరువాత కూడ దానిలో ప్రమాదకరమైన కరెంటు నిలిచియుండును. రెండవది మన వృత్తివారికి వేరుగా చెప్పనక్కరలేనిది. ఎండకాలపు పొడిగాలిలో పట్టు పోగు చేతికి అంటుకొనుట, ఒక పోగు నింకొక పోగు త్రోసికొనుట మనకు దినచర్యయే. ఆ రాపిడి విద్యుత్తే ర్యామ్ చిప్పులకు శత్రువు. మనకు చుఱుక్కుమని కూడ తోచనంత చిన్న దెబ్బకు చిప్పు చెడవచ్చును. పట్టుబట్ట, పాలియెస్టరు చొక్కా ధరించి ఈ పని చేయక, నూలుబట్ట ధరించి, రంగు పూయని ఇనుప భాగమును చేతితో ముట్టి, ఆ పిదప పట్టీని అంచులు పట్టుకొని తీయవలెను. బంగారు రంగు పళ్ళను వ్రేళ్ళతో తాకరాదు.

వెనుకటి స్థితికి పోవుట

క్రొత్త పడుగు అతికిన మరునాడు అంచు తప్పినచో మనము జాకార్డును విప్పము. నిన్నటి వరకు అది సరిగా నడచినది గదా. అతుకు దగ్గర పోగు తారుమారైనదేమో అని ముందు చూతుము. ఇక్కడను అదే బుద్ధి కావలెను. నిన్న నడచిన యంత్రములో నేడు మారినది ఏది? క్రొత్త పట్టీ, దానిని పెట్టుటకు లోపల పెట్టిన చేయి. ఈ రెండింటిలోనే తప్పున్నది.

కాబట్టి క్రొత్త పట్టీని తీసివేసి, పాత పట్టీని పాత స్లాటులోనే పెట్టి మీట నొక్కవలెను. లేచినచో సగము భయము పోయినట్లే. మదర్‌బోర్డు, ప్రాసెసరు, సప్లయి అన్నియు బాగుగనే యున్నవి. లేవనిచో చేయి తగిలి ఏదియో కదలినదన్న మాట. అప్పుడు పాత పట్టీని మరల తీసి పెట్టి, బోర్డుకు వచ్చు 24 సూదుల పెద్ద తీగను, ప్రాసెసరు తీగను నొక్కి చూడవలెను.

పట్టీ సరిగా దిగకపోవుటయే అన్నింటికంటె ఎక్కువగా కనిపించు తప్పు. పట్టీలో ఒక చోట గంటు ఉండును, స్లాటులో దానికి సరిపడు మిట్ట ఉండును. రెండును కలిసినట్లు నిలిపి, రెండు బొటనవ్రేళ్ళతో రెండు కొనల మీదను సమముగా నొక్కవలెను. టక్కుమని శబ్దమై కొనలనున్న కొక్కెములు తమంతట తాము మూసికొనవలెను. కొన్ని బోర్డులలో ఒక వైపుననే కొక్కెముండును. అట్టివానిలో రెండవ కొన లేచియున్నను కంటికి తెలియదు. దీపము పట్టి ప్రక్క నుండి చూడుడు. ఒక కొన అగ్గిపుల్ల మందము లేచియున్నను యంత్రము లేవదు. నొక్కుటకు భయపడి సగము దింపి వదలుటయే ఇందుకు కారణము. కొంత బలము కావలసినదే. అయితే గంటు కుదరనప్పుడు బలము చూపరాదు. అది వేరు రకపు పట్టీ అని అర్థము.

మన షెడ్లలోని దూదిపొట్టు సంగతి ఇతర వృత్తులవారికి తెలియదు. భివండిలోనైనను, సేలములోనైనను, మరమగ్గముల గదిలోనే మూలకు పెట్టిన కంప్యూటరును తెరచి చూచినచో లోపల పరుపు పరచినట్లుండును. ఖాళీగా నుండిన రెండవ స్లాటు ఆ పొట్టుతో నిండియుండును. దాని మీదనే పట్టీని గ్రుచ్చినచో పొట్టు అడుగునకు దిగి పళ్ళను తాకనీయదు. సన్నని పొడి బ్రష్షుతో స్లాటును తుడువవలెను. నోటితో ఊదరాదు; ఉమ్మి తుంపరలు పడును, గాలిలోని తడి అంటును. పట్టీ పళ్ళు మాసియున్నచో పెన్సిలు రబ్బరుతో మెల్లగా ఒకే దిశగా రుద్ది, రబ్బరు పొడి లేకుండ పొడి గుడ్డతో తుడిచి పెట్టవలెను. సముద్రతీరపు ఊళ్ళలో ఈ ఒక్క పనితోనే లేచిన యంత్రము లెన్నియో.

పాత పట్టీతో యంత్రము లేచిన తరువాత దానిని ఆపి, ప్లగ్గు తీసి, ఈసారి క్రొత్త పట్టీని ఒంటరిగా, అదే పాత స్లాటులో పెట్టవలెను. ఆ స్లాటు మంచిదని ఇప్పుడే తెలిసినది గదా. లేచినచో క్రొత్త పట్టీయు మంచిదే. అప్పుడు అనుమానము రెండవ స్లాటు మీదికి పోవును. పాత పట్టీని అందులో పెట్టి చూడుడు. మొదటి స్లాటు ఖాళీగా నున్నచో లేవని బోర్డులు కొన్ని కలవు గనుక ఈ పరీక్షకు ముందు బోర్డు పుస్తకము చూచుకొనుట మంచిది. రెండు పట్టీలును రెండు స్లాట్లలోను విడివిడిగా లేచి, కలిపి పెట్టినప్పుడే లేవనిచో ఆ రెండింటికి పొత్తు కుదరలేదన్నమాట. క్రొత్తది పాత స్లాటులో ఒంటరిగా కూడ లేవనిచో, అది చెడినదైనను కావలెను, మీ బోర్డు అంగీకరింపని రకమైనను కావలెను. ఈ రెండింటిని వేరు చేయుటకు ఆ రకము నడుచు వేరొక కంప్యూటరులో దానిని పెట్టి చూచుటయే మార్గము.

ప్రతిసారి ఒక్కటే మార్చవలెను. ప్రతిసారి ఫలితమును కాగితము మీద వ్రాయవలెను. రెండు మార్పులు ఒకేసారి చేసి యంత్రము లేచినచో, దేనివలన లేచినదో తెలియక మరల అదే గోతిలో పడుదురు.

బోర్డు అంగీకరింపని పట్టీలు

ర్యామ్ రకములలో నేడు మన యిండ్లలో కనబడునవి మూడు. డిడిఆర్3 పట్టీకి 240 పళ్ళు, 1.5 వోల్టులు, డిడిఆర్4కు 288 పళ్ళు, 1.2 వోల్టులు, డిడిఆర్5కు కూడ 288 పళ్ళే, 1.1 వోల్టు. పళ్ళ సంఖ్య ఒకటే అయినను గంటు వేరు చోట నుండును గనుక డిడిఆర్4 స్లాటులో డిడిఆర్5 దిగదు. డిడిఆర్3లోనే ఎల్ అను అక్షరము చేర్చినది 1.35 వోల్టులకు నడచును. ఇంటెల్ ఆరవ తరమునకు డిడిఆర్3ఎల్ బోర్డులును డిడిఆర్4 బోర్డులును వచ్చినవి. పన్నెండవ తరమునకు డిడిఆర్4, డిడిఆర్5 రెండును వచ్చినవి. కావున "మాది పన్నెండవ తరము" అని చెప్పి ర్యామ్ కొనరాదు. బోర్డు మీద అచ్చువేసిన మోడలు నంబరు వ్రాసికొని పోవలెను. అన్నిటికంటె మంచిది పాత పట్టీనే చేతికి తీసికొని పోవుట.

గంటు కుదిరి, చక్కగా దిగి, అయినను లేవనివి కొన్ని కలవు. మోసమెక్కువగా జరుగు చోటు ఇదే. పెద్ద కంపెనీలు పాత సర్వరులను తీసివేయగా వచ్చిన ర్యామ్ పట్టీలు సంతలోను, ఆన్‌లైన్ దుకాణములలోను తక్కువ ధరకు దొరకును. డిడిఆర్4 సర్వరు పట్టీకి కూడ 288 పళ్ళే, గంటు కూడ అచ్చముగా అక్కడనే. కాని అది రిజిస్టర్డు రకము. సాధారణ ఇంటి బోర్డు దానిని చదువలేదు. ఫ్యాను తిరుగును, తెర నల్లగా నుండును. పట్టీ చెడినది కాదు, మనకు పనికిరానిది. చాలా కంపెనీల చీటీ మీద పిసి అను గుర్తు వెంట వేగపు అంకె, దాని వెనుక రకము తెలుపు ఇంగ్లీషు అక్షరము ఉండును. యు అని యున్నది ఇంటి కంప్యూటరుది, ఆర్ అని యున్నది సర్వరుది, ఎస్ అని యున్నది ల్యాప్‌టాపుది. బేరమాడుటకు ముందు ఆ ఒక్క అక్షరము చూచినచో చాలును.

రెండవది పరిమాణము. ఇంటెల్ నాలుగవ తరపు డిడిఆర్3 బోర్డులు పట్టీకి 8 గిగాబైట్లకు మించి అంగీకరింపవు. 16 కావలెనన్నచో రెండు 8 లు వేయవలెను గాని ఒకే 16 వేయుట వ్యర్థము. వేగము విషయములో ఇంత భయము లేదు. వేగము వేరైన రెండు పట్టీలు వేసినచో సాధారణముగా రెండును నెమ్మదిగల దాని వేగముననే నడచును. అయితే బయోస్‌లో ఎక్స్‌ఎంపి అను అధిక వేగపు ఏర్పాటు ముందే ఆన్ చేసియున్నచో, క్రొత్తది చేరగానే యంత్రము తడబడవచ్చును. పాత పట్టీతో లేపి, దానిని ఆపి, అప్పుడు రెండును కలిపి చూడుడు. నాలుగు స్లాట్లున్న బోర్డులో రెండే పట్టీలు వేయువారు చాలా బోర్డులకు ప్రాసెసరు వైపు నుండి రెండవది, నాలుగవది వాడవలెను; ప్రక్కప్రక్కన వేయరాదు.

రంగురంగుల దీపములు వెలుగు ర్యామ్ పట్టీలకు ఎక్కువ ధర యిచ్చుట నా అభిప్రాయమున దండుగ. ఆ డబ్బుతో డిజైన్లు దాచుటకు ఇంకొక డిస్కు కొనవచ్చును.

నాణెపు బ్యాటరీ

పట్టీలు మంచివే, రకము సరియైనదే, అయినను లేవనప్పుడు బయోస్ పాత లెక్కలనే పట్టుకొని కూర్చున్నదని అనుమానింపవచ్చును. బోర్డు మీద రూపాయి బిళ్ళ వంటి 3 వోల్టుల బ్యాటరీ యుండును. ప్లగ్గు తీసి, ఆ బిళ్ళను తీసి, ఐదు నిముషములైన పిదప మరల పెట్టినచో బయోస్ తన ఏర్పాట్లను మరచి మొదటి స్థితికి వచ్చును. కొన్నేండ్లుగా నడచిన యంత్రమైనచో ఆ బిళ్ళను క్రొత్తది వేయుటయు మంచిదే; సిఆర్2032 అని అడిగినచో గడియారముల దుకాణములో కూడ దొరకును.

ఈ పని తేలికైనది గాని తరువాతి చిక్కులు రెండు కలవు. తేదీ వెనుకకు పోవును. దానిని సరిచేయనిచో ఇంటర్నెట్టు పేజీలు తెరచుకొనవు. రెండవది గట్టిది. ఇటీవలి విండోసు అనేక యంత్రములలో, ముఖ్యముగా ల్యాప్‌టాపులలో, డిస్కును బిట్‌లాకరు అను తాళముతో మూసియుంచును. ఇంటివారికి ఆ సంగతి తెలియకయే. బయోస్ ఏర్పాట్లు మారగానే అది 48 అంకెల తాళపుచెవి అడుగవచ్చును. ఆ అంకెలు లేనిచో డిజైన్లు ఎదుటనే యున్నను తెరచువాడుండడు. సాధారణముగా అవి ఆ యంత్రము పెట్టినప్పుడు వాడిన మైక్రోసాఫ్టు ఖాతాలో దాచబడియుండును. ఆ ఖాతా ఎవరి పేర ఉన్నది, దాని రహస్యపదమేమి? కంప్యూటరు అమ్మినవాని పేర ఉన్న యిండ్లు కొన్ని నేను చూచితిని. ర్యామ్ కొనుటకు ముందే, యంత్రము బాగుగ నడచుచుండగనే, ఆ అంకెలను కాగితము మీద వ్రాసి లెక్కల పుస్తకముతో పాటు భద్రపరచవలెను.

బయోస్‌ను క్రొత్తదిగా మార్చుట కూడ ఒక్కొక్కప్పుడు అవసరమగును. అది జరుగుచుండగా కరెంటు పోయినచో బోర్డే లేవకపోవచ్చును. మన ఊళ్ళ కరెంటు సంగతి మీకే తెలియును. యుపిఎస్ లేని యింట ఆ పనికి పూనుకొనరాదు.

లేచిన తరువాత

తెర వెలుగగానే పని అయినదనుకొనరాదు. ముందు కంప్యూటరు ఎంత ర్యామ్ చూపుచున్నదో చూడుడు. 8 వేసిన చోట కొంచెము తక్కువ చూపుట సహజము, తెర కొరకు కొంత తీసికొనును. పాత 32 బిట్ల విండోసు ఉన్నచో ఎంత వేసినను 4 గిగాబైట్లకు లోపలనే చూపును. అక్కడ ర్యామ్ మీద పెట్టిన డబ్బు వృథా.

తరువాత ఆ ర్యామ్‌ను పరీక్షింపవలెను. విండోసులోనే మెమరీ డయాగ్నస్టిక్ అను పరీక్ష యున్నది. దానికంటె గట్టిది మెమ్‌టెస్ట్86. పెన్ డ్రైవు మీద ఉచితముగా వేసికొనవచ్చును. రాత్రి పెట్టి పడుకొన్నచో ఉదయమునకు ఫలితము తెలియును. ఒక్క తప్పు చూపినను ఆ పట్టీని ఉంచుకొనరాదు. "కోట్ల గళ్ళలో ఒకటి గదా" అని దుకాణదారుడు అనవచ్చును. మన పనిలో ఆ ఒకటి ఏమి చేయునో ఆలోచింపుడు. డిజైను ర్యామ్‌లో నుండగా ఒక గడి తప్పినది. మీరు దాచుమనగా అది ఆ తప్పుతోనే డిస్కుకు పోయినది. అంచు డిజైను తిరిగి వచ్చు ప్రతి చోటను ఆ హుక్కు తప్పు లేచును. తెర మీద లక్షల గళ్ళలో అది కంటికి కనబడదు. చీర దిగి, షావుకారు మడత విప్పి చూచినప్పుడు కనబడును. అసలే లేవని కంప్యూటరు ఒక దినము కూలిని పోగొట్టును. చెడిన ర్యామ్‌తో లేచి నడచు కంప్యూటరు పట్టును, జరీని, పేరును పోగొట్టును. పాత పట్టీని అమ్మివేయుట ఈ పరీక్ష ముగిసిన తరువాతనే.

ఇంతవరకు చేసినను లేవనిచో, లేక లోపల మాడిన వాసన వచ్చినచో, మెకానిక్కు నొద్దకు పోవలసినదే. అప్పుడు మీరు వ్రాసికొన్న కాగితము తీసికొని పొండు. ఏ పట్టీ ఏ స్లాటులో లేచినది, ఏది లేవలేదు అని చదివి వినిపించినచో సగము పని తగ్గును, బోర్డు మార్చవలెనను మాట కూడ అంత తేలికగా రాదు. వీలైనచో డిస్కును విప్పి ఇంటనే ఉంచి పెట్టెను మాత్రము ఇవ్వుడు. ర్యామ్ పరీక్షకు డిస్కుతో పని లేదు. డిస్కు విప్పుట తెలియనిచో "ఫార్మాటు చేయరాదు" అని రశీదు మీద వ్రాయించి సంతకము తీసికొనవలెను. క్రొత్త పట్టీ కొన్నప్పుడు బిల్లు మీద దాని రకము, పరిమాణము, మీ బోర్డు నంబరు, కుదరనిచో ఎన్ని దినములలోపల మార్చి యిత్తురో వ్రాయించుకొనుడు.

రాబోవు శ్రావణమాసపు పెండ్లి చీరల పనికి ముందు ర్యామ్ పెంచవలెననుకొనువారు, పని లేని దినము చూచి, డిజైన్లన్నింటిని వేరొక డిస్కు మీదికి ఎక్కించి, ఆ డిస్కును ఇంకొక కంప్యూటరులో తెరచి చూచిన పిదపనే పెట్టె మరలు విప్పవలెను.